మల్లవ్వ పెరట్లో గుంట తెరిచిన రోజు

డెబ్బైల నాటి మాట. పెద్దపల్లి దగ్గర మా ఊళ్ళో, ఇంట్లో పాయిఖానా కట్టిద్దామని నేనంటే నాన్న అంతెత్తున లేచాడు. "తిన్నకాడనే గా కంపు పెట్టుకుంటమారా?" అన్నాడు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఊరి బయటి చెలక దాకా నడవలేకపోతోంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. గోదావరిఖని పక్క పల్లెలో బొగ్గుగని కార్మికుడు లింగయ్య ఇంట్లో మలాన్నీ వాడిన నీటినీ పెరట్లోనే ఎరువు చేస్తున్నారని మా బడిలో తోటి పంతులు చెప్పాడు. కళ్ళారా చూసొచ్చి నాన్నతో తేల్చుకుందామని ఒక ఎండాకాలం ఆదివారం బయల్దేరాను.

పెద్దపల్లిలో పొద్దుటి పాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే రామగుండంలో దిగొచ్చు. అక్కడినుంచి రిక్షా. రిక్షా తొక్కే ఖాదర్ నేనొచ్చిన పని విని, తొక్కడం ఆపి వెనక్కి తిరిగాడు.

"అందరు బొగ్గుబాయి చూస్తందుకు వస్తరు సార్. మీరు పాయిఖానా చూస్తందుకు వచ్చిండ్రా?"

ఇద్దరం పగలబడి నవ్వాం. తిరుగు బండి సాయంత్రం దాకా లేదు కాబట్టి, అతన్నే మళ్ళీ రమ్మన్నాను.

లింగయ్య మొదటి షిఫ్టుకు వెళ్ళాడు. అతని భార్య మల్లవ్వ పెరడంతా తిప్పి చూపించింది. పాయిఖానాకు రెండు గుంటలు. ఒకటి నిండితే మూతవేసి, రెండోది వాడతారు. మూసినది ఏడాదికి మట్టవుతుందని వాళ్ళ నమ్మకం. స్నానం నీళ్ళూ గిన్నెలు కడిగిన నీళ్ళూ గుంటలో పడితే వానాకాలం పొంగుతుంది. అందుకే వాటిని వేరే కాలువలో కంకర మీదుగా అరటికీ వంకాయ మడికీ మళ్ళించారు. గుంట మట్టి కూడా చివరికి ఆ మడికే. విన్నకొద్దీ నాకు ఆత్రం పెరిగింది.

"ఇయ్యాలనే తెరుస్తున్నం సార్. గదే నా ఫికర్," అంది మల్లవ్వ.

లింగయ్యకు అన్న వరసయ్యే రాజయ్యది పక్కిల్లు. తన చేదబావి చెడిపోతుందని పంచాయితీ పెట్టాడు. గుంట తవ్విన నాటినుంచి వీళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తెరిచినప్పుడు మట్టి కాకుండా కంపు వస్తే రెండు గుంటలూ పూడ్చాలని పెద్దమనుషుల తీర్పు. పూడిస్తే మల్లవ్వ మళ్ళీ చెంబు పట్టుకుని తెల్లారకముందే పొదలు వెతుక్కోవాలి.

లింగయ్య షిఫ్టు దిగి వచ్చాడు. నాకు జొన్నరొట్టె, వంకాయకూర పెట్టారు. కూర బ్రహ్మాండంగా ఉంది, కాలువ నీళ్ళు గుర్తొచ్చినా చెయ్యి ఆగలేదు. తర్వాత రాజయ్యను పిలిచి మూత తీశారు. లింగయ్య గడ్డపార వేస్తే ఖంగుమంది. లోపల బూడిదరంగు పెచ్చు.

"మట్టయితదంటిరి, బండయ్యింది!" అన్నాడు రాజయ్య.

లింగయ్య ముక్క విరిచి వేళ్ళతో నలిపి చూశాడు. "ఇది మన పొయ్యి బూడిదనే కదనే!"

మల్లవ్వ ముఖం పాలిపోయింది. కంపు రాకుండా గుంటలో బూడిద చల్లడం ఆమె పుట్టింటి అలవాటు. అక్కడ కట్టెల పొయ్యి. గని కార్మికుల ఇళ్ళలో మండేది బొగ్గు. ఆ బూడిద తడిసి గట్టిపడింది.

"అవ్వ చేసినట్టే చేసిన. పొయ్యి మారిన సంగతి యాదికి రాలె," అంది.

పెచ్చు పగలగొడితే అంచుల్లో నల్లటి పొడిమట్టి. వాసనే లేదు. నడుమ మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది, గుప్పుమంది. తీర్పు ప్రకారం మల్లవ్వ ఓడినట్టే.

"బావా, ఒక్క ఏడాది ఇయ్యి. ఇగ బొగ్గుబూడిద ముట్ట," అంది.

రాజయ్య కూర్చుని, అంచు మట్టిని పుల్లతో కెలికి వాసన చూశాడు.

"మూత పెట్టుండ్రి. ఈసారి ఎండుటాకు ఎయ్యి. పెద్దమనుషులకు నేను చెప్త," అని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "మల్లవ్వా, జెర నీళ్ళియ్యి. ఎండ మండుతుంది."

మల్లవ్వ ఇంట్లోకి పరుగెత్తింది.

ఇంటికొచ్చి నాన్నకు కంపుతో సహా అంతా చెప్పాను, దాచి లాభమేముంది? మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. "గాయన నీళ్ళు తాగిండా?" అని మాత్రం అడిగాడు. చెంబు ఖాళీ చేశాడన్నాను. మర్నాడు పార భుజాన వేసుకుని, "ఏడ తవ్వాలెనే?" అని అమ్మను అడుగుతున్నాడు. కొత్త పద్ధతిని మనం కళ్ళతో చూసి నమ్ముతామనుకుంటాం గానీ, పక్కింటివాడు నమ్మాకే నమ్ముతామేమో. ఇలాంటి పెరళ్ళు చూడాలనుకుంటే వానలకు ముందు, గుంటలు తెరిచే రోజుల్లో వెళ్ళండి. వెళ్ళాక గుంటకన్నా ముందు వాళ్ళ పొయ్యి చూడండి.