ఖరీదైన వైరు

హైదరాబాద్‌లో ఖరీదైన స్పీకర్ల ఎగ్జిబిషన్ ముగించుకుని వస్తున్నాను. మా స్టాల్‌లో మూడు రోజులూ నా పని ఒకటే. స్పీకర్ వెనక్కి వెళ్లి, ఖరీదైన కొత్త వైరు పెట్టినట్టు నటించి, ఏమీ మార్చకుండానే "ఇప్పుడు వినండి సర్" అనడం. పెద్దమనుషులు కళ్లు మూసుకుని "ఎంత తేడా" అని తలలూపేవారు. వాళ్లను చూస్తే రోత పుట్టేది.

మెదక్ బస్టాండులో ఏడుపాయల గుడికి వెళ్లే బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ నా మెడలోని హెడ్‌ఫోన్లు చూసింది.

"గవేంది బిడ్డా?"

పాట పెట్టి ఆమె చెవులకు తగిలించాను. అలవాటు కొద్దీ వైరు పీకి, మళ్లీ అదే గుచ్చి, "ఇది మస్తు ఖరీదు వైరు. ఫరక్ తెలుస్తుందా అమ్మా?" అన్నాను.

ఆమె శ్రద్ధగా విన్నది. "రెండూ ఒక్కతీర్గనే ఉన్నయ్. నా చెవులే ఖరాబైనయేమో, దవాఖానల చూపెట్టుకోవాలె" అంటూ, హెడ్‌ఫోన్లకు అంటిన చెమటను కొంగుతో తుడిచి ఇచ్చింది.

ఈసారి నా మీద నాకే రోత పుట్టింది.

"నీ చెవులు మంచిగనే ఉన్నయమ్మా. నేను వైరు మార్చలే."

"మరి గట్లెందుకన్నవ్?"

అంతలో బస్సు రావడంతో ఆమె లేచి ఎక్కి వెళ్లిపోయింది.

తర్వాతి ఎగ్జిబిషన్‌కు రానని ఓనర్‌తో చెప్పాను. ఎందుకని అడిగితే, ఒంట్లో బాగాలేదని మళ్లీ అబద్ధమే చెప్పాను.