అక్కకు నేర్పిన మాట

మా అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. ఒళ్ళు ఎదిగింది కానీ బుర్ర ఐదారేళ్ళ దగ్గరే ఆగిపోయింది. రేపల్లెలో మా వీధివాళ్ళు వెర్రిబాగులది అనేవాళ్ళు, ముఖం మీదే. వాళ్ళకు నోరు పారేసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. ఇంట్లో మాత్రం అక్క మహా గడుగ్గాయి. చీమ కుట్టినా ఇల్లు పీకి పందిరేసేది. "నొప్పే, ఊదవే" అంటూ నా మీద పడేది. నేను ఊదేదాకా ఊరుకునేది కాదు.

నాన్న పోయాక అమ్మ చేపల గంప నెత్తికెత్తుకుంది. అరవైల చివర్లో నాకు బాపట్లలో టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. అమ్మ సంపాదనతో అది జరిగే పని కాదు. అప్పుడు పక్కింటి పిన్ని ఆదుకుంది. పిన్ని అంటే చుట్టం కాదు, పిలుపే. ఉప్పుడు బియ్యం మిల్లులో ఆడకూలీల ముఠాకు ఆవిడే మేస్త్రీ.

"పెద్దపిల్లని నాతో పనికి పంపించక్కా. నా కడుపున పుట్టినదాన్లా చూసుకుంటా" అంది అమ్మతో. "కాకపోతే గుమాస్తా ఒప్పుకోవాలి. ఆయన ఏం అడిగినా 'బాగున్నానండి' అనమను. ఇంకో మాట మాట్లాడిందో, పిచ్చిదని పంపేస్తాడు."

ఆ మాట నేర్పే పని నా మీద పడింది. వారం రోజులు అక్కను అరుగు మీద కూర్చోబెట్టాను. "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని నేను గుమాస్తాలా గొంతు మార్చి అడగాలి. అక్క "బాగున్నానండి" అనాలి. అంటే చేతిలో బెల్లంముక్క. "తలనొప్పే" అంటే బెల్లం లేదు. మొదట్లో ఏడ్చింది. అండీ గిండీ మా ఇంట్లో ఎరగని మాటలాయె. ఆరో రోజుకి గిల్లి అడిగినా బాగున్నానండి అనేసింది. అవును, గిల్లాను. పాఠం ఒంటబట్టిందో లేదో చూద్దామని. పంతులమ్మగా నా మొదటి విజయం అదే.

అక్కకు పని దొరికింది. ఆ కూలితో నేను బాపట్ల వెళ్ళి చదువుకున్నాను.

ఆ మిల్లులో ఉడికిన ధాన్యాన్ని పొగలు కక్కుతుండగానే సిమెంటు కళ్ళం మీద కుమ్మరించేవాళ్ళు. ఆడవాళ్ళు వట్టికాళ్ళతో అందులో నడుస్తూ, చాళ్ళు తీస్తూ ఆరబెట్టాలి. పైన ఎండ, కింద ఆవిరి. అందుకని వాళ్ళలో వాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. కాళ్ళు కాలినామె "కాలిందమ్మో" అని కేక పెట్టాలి. కేక వినగానే నీడలో కూర్చున్న ఇంకొకామె లేచి వచ్చి ఆమె చోటులో నడవాలి. కేక పెట్టనంతసేపూ నడుస్తూ ఉండాల్సిందే.

సెలవులకు వచ్చినప్పుడు పిన్ని మురిసిపోతూ చెప్పింది. "మీ అక్క బంగారం అనుకో. అందరూ రెండు చాళ్ళకే కేకలేస్తారు. ఇది ఒక్కనాడు వేసిందా? 'కాలిందా అమ్మాయ్' అంటే 'బాగున్నానండి' అంటది. మా ముఠాకి ఎంత సుఖమో!" వింటూ నేనూ మురిసిపోయాను. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఆ సామెత మా ఇంటిల్లిపాదికీ సరిపోయింది.

తర్వాతి సెలవులకి అక్క కుంటుతోంది. మడమకు గుడ్డ కట్టి ఉంది. ఏంటని పిన్నిని అడిగాను.

"చెప్పు కరిచిందిలే అమ్మా. పసుపు పెట్టాను, తగ్గిపోద్ది."

మా అక్కకు చెప్పుల్లేవు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ పరీక్షలు దగ్గర పడ్డాయి, పిన్ని చూసుకుంటోందిలే అంది అమ్మ, నేను సంచి సర్దుకున్నాను. అక్కను మాత్రం ఏమీ అడగలేదు. ఇంట్లో మనిషిని కదా, నాకు నిజం చెప్పేస్తుందేమోనని భయం.

ఎండలు ముదిరాక అమ్మ ఎవరిచేతో రాయించిన కార్డు వచ్చింది. అక్కకు జ్వరం దిగడం లేదు, తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం అని. రైలెక్కి నేరుగా తెనాలిలో దిగాను. నేను వెళ్ళేసరికి డాక్టరు గారు కట్టు విప్పుతున్నారు. కాలిన చోటే మళ్ళీ మళ్ళీ కాలి, పుండు ఎముకదాకా దిగింది.

"నొప్పి లేదా తల్లీ?" అన్నారాయన.

"బాగున్నానండి."

ఆయన మా వైపు తిరిగి, "ఈ కాలితో ఎన్నాళ్ళు నడిపించారండి ఈ అమ్మాయిని?" అన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మర్నాడు పాదం తీసేశారు.

పిన్ని క్యారేజీలో అన్నం పట్టుకుని వచ్చింది. వరండాలోనే నిలదీశాను. కడుపున పుట్టినదాన్లా అన్నావే, నీ కూతురైతే అలాగే నడిపించేదానివా అని అరిచాను.

"నాకేం తెలుసమ్మా! రోజూ అందరి ముందూ అడిగేదాన్నిగా. ఒక్కనాడైనా కాలిందని అందా?" అంది. ఆగి, మెల్లగా, "అయినా ఆ మాట నేర్పింది నువ్వేగా" అంది.

నమ్మించి గొంతు కోసిన మనిషి నిజం కూడా చెప్పగలదని ఆ రోజు తెలిసింది. ఆవిడను నేను క్షమించలేదు. ఏళ్ళ తర్వాత ఆవిడ పోయిందని కబురొచ్చినప్పుడు చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

పిన్నితో గొడవపడిన ఆ మధ్యాహ్నం అమ్మ మందుల కోసం బయటికి వెళ్ళింది. మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. కట్టు మీదికి రక్తం ఊరుతోంది. అక్క పెదవులు కరుచుకుని పైకి చూస్తోంది.

"అక్కా, ఇక్కడ ఎవరూ లేరు, నేనే. నొప్పెడుతోందా? ఊదనా?"

నా ముఖంలోకి చూసింది.

"బాగున్నానండి" అంది.

అరుగు మీద నేను గుమాస్తాని. ఇక్కడ చెల్లెల్ని. అక్కకు ఆ తేడా పోయింది. బెల్లం కోసం చెయ్యి చాపింది.