బుకిట్ బటోక్‌లో లాగర్

లాగర్ బీరు చలిలో పులియాలి. సింగపూర్‌లో చలి ఆఫీసుల్లోనే ఉంటుంది. సైన్స్ పార్క్‌లో పగలంతా స్వెట్టర్లు వేసుకుని కోడ్ రాసే మేమిద్దరం, బుకిట్ బటోక్‌లో అద్దెకున్న ఫ్లాట్‌కి చేరేసరికి చెమటతో తడిసిపోయేవాళ్లం. ఐటీ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజులవి.

నా రూమ్మేటుది అనంతపురం. అంతకుముందు ప్రాజెక్టు మీద జర్మనీ వెళ్లి, అక్కడి బీరు రుచి మరిగి వచ్చాడు. ఒక శనివారం మాల్ట్ పాకం డబ్బా, ఈస్ట్ పొట్లం, మూతున్న బకెట్ కొనుక్కొచ్చాడు. పాకాన్ని నీళ్లలో కాచి, చల్లార్చి, ఈస్ట్ చల్లి, ఆ బకెట్‌ను బాత్రూంలో నీళ్లు నింపిన టబ్‌లో దించాడు. దానికి తడి టీషర్టు తొడిగి, గుమ్మం దగ్గర ఫ్యాను పెట్టాడు. చల్లబడలేదు.

"ఈడ గాలే తడిగా ఉంటే బట్ట యాడ ఆరుతుందప్పా?" అని విసుక్కున్నాడు.

ఇక ఐసే దిక్కయింది. నీళ్ల సీసాలు గడ్డకట్టించి టబ్‌లో వేయాలి, కరగ్గానే మార్చాలి. పగలు మార్చేదెవరు?

అదే ఫ్లాట్‌లో ఇంకో గదిలో ఉండే ఇంటి యజమాని, మేం అంకుల్ అనే ఆయన, ఆ పని తనకు తానే నెత్తినేసుకున్నాడు. హార్బర్‌లో పనిచేసి రిటైరైన మనిషి. భార్య లేదు. తాతగారు విశాఖ వైపు నుంచి వలస వచ్చారట. ఆయన తెలుగులో తమిళం, మలాయ్ కలిసిపోయి ఉండేవి; మాట చివర సింగపూర్ వాళ్ల 'లా' తగిలేది.

ఈలోగా మా ప్రాజెక్టులో రూమ్మేటు చేస్తున్న భాగం ఆగిపోయింది. హైదరాబాద్ తిరిగి రమ్మన్నారు. పెట్టె సర్దుకుంటూ, "పారబోసి పోతా అంకుల్. మీకెందుకీ యవ్వారం?" అన్నాడు.

"వేండాం, ఉంచు. చల్లగా చూసుకోవడానికి తాగాల్నా ఏంటి?"

ఆయన తాగడని అప్పుడే తెలిసింది. అన్నగారు తాగి తాగి చనిపోయారట. మరి దీనికి ఎందుకింత శ్రమ అని తర్వాత అడిగాను.

"మీరు ఆఫీసుకి పోతే ఇల్లంతా సైలెంట్. ఇది బుడబుడమంటది. వినడానికి బాగుంది లా" అన్నాడు, బకెట్ మూతకున్న, గ్యాస్ బయటికి పోయే చిన్న గొట్టాన్ని చూపిస్తూ.

అది ఇంకా పులుస్తుండగానే ఫ్రిజ్ చెడిపోయింది. రిపేరు మనిషి సామాను దొరకాలన్నాడు. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి టబ్ నిండా ఐసు ముక్కలున్నాయి. అంకుల్ మార్కెట్లో చేపలమ్మే ఆవిడ దగ్గర అడిగి, ఇంకో బకెట్‌లో మోసుకొచ్చాడట.

"ఇంత ఐసు దేనికి, పెళ్లి మకనా, భోజనాలా అనడిగింది. అవునని చెప్పా."

"చేపల వాసన పట్టదా అంకుల్?"

"మూత గట్టిగానే ఉంది. నువ్వు వాసన చూడు."

చూశాను. బాత్రూంలో చేపల వాసన, బకెట్ దగ్గర బ్రెడ్డు వాసన. ఫ్రిజ్ బాగయ్యేదాకా ఆయన రోజూ మార్కెట్‌కి వెళ్లాడు.

బుడగలు ఆగాక, రూమ్మేటు ఫోన్లో చెప్తుంటే సీసాల్లో నింపాను. ఇంకొన్ని వారాలు ఫ్రిజ్ అడుగు అరంతా వాటికే ఇచ్చేశాడు అంకుల్. మొదటి సీసా గ్లాసులో వంచినప్పుడు రంగు పల్చటి తేనెలా ఉంది. ఉడికించిన మొక్కజొన్న వాసన కొద్దిగా వచ్చింది. తాగదగ్గదే.

హైదరాబాద్‌కు ఫోన్ చేశాం. "ఎట్లుంది?" అని అతను అరిచాడు. ఫోన్ అంకుల్ లాక్కున్నాడు.

"క్లియర్‌గా ఉంది. అవతల గోడ మీద క్యాలెండర్ కనిపిస్తోంది."

"రుచి అంకుల్, రుచి?"

"నాకేం తెలుసు? అది ఇతన్నడుగు."

బాగుందన్నాను.  అతను, అక్కడ పని లేక ఆఫీసులో ఖాళీగా కూర్చుంటున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

మిగతా సీసాలు మా ఆఫీసువాళ్లకు పంచాను. బాగుందన్నవాళ్లున్నారు, సగంలో వదిలేసినవాళ్లూ ఉన్నారు.