నాయిన తిన్న చప్పిడి అన్నం

గులాబీ కుండీలో కలుపు పీకబోయి, ఆకుల కింద వరుసగా పూసల్లా ఉన్న కాయలు చూసి ఆగాను. నేల ఉసిరి. చిన్నప్పుడు నాకు కామెర్లు వస్తే, కోడేరులో మా నాయినమ్మ పొద్దున్నే దీన్ని నూరి, మజ్జిగలో కలిపి తాగించేది. ఒకటే చేదు. నయమయ్యేదాకా ఉప్పు, కారం బంద్. పచ్చిమిరపకాయ లేనిదే రొట్టె ముట్టని నాయిన కూడా నా పక్కన కూర్చుని చప్పిడి మజ్జిగన్నమే తిన్నాడు. ఆయనకూ కామెర్లు అంటించానని భయపడి, నా పసరులో సగం మిగిల్చి ఇచ్చాను. గటగటా తాగేశాడు.

"నాయినకు కామెర్లు ఎప్పుడు తగ్గినయమ్మా?" పక్కనే ఉన్న అమ్మను అడిగాను.

"ఆయనకెప్పుడొచ్చినయి బిడ్డా? నువ్వు సప్పిడి తింటుంటే ఆయనకు కారంతోని ముద్ద దిగలే."

ఆ మొక్కను పీకలేదు. కాసిన్ని నీళ్లు పోశాను.