నాలుగింటి టీ పిలుపు

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ల్యాబ్‌లోకి టీ వచ్చింది. అమీర్‌పేట కంప్యూటర్ కోర్సులతో కిటకిటలాడుతున్న రోజులవి. మావారూ నేనూ ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో యూనిక్స్ చెప్పేవాళ్లం. పంజాగుట్ట దగ్గర జరిగిన ప్రమాదంలో ఆయన పోయాక నేనొక్కదాన్నే చెబుతుండేదాన్ని.

మా కంప్యూటర్లలో ఆదేశాలు టైపు చేయడానికి పాతదీ కొత్తదీ రెండు షెల్‌లు ఉండేవి. ఏది తెరిస్తే అది మొదట తన ఫైల్లో రాసిపెట్టినవే చదివి చేసేది. ల్యాబ్ చూసే రజిత ఆరోజు రెండింటికీ ఒకే ఫైలు పనిచేసేలా మార్చింది. నేను లాగిన్ అయ్యాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు వాక్యం వచ్చింది.

"లతా, పాఠం చాలు. టీ చల్లారుతోంది."

లేచి గుమ్మం వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు. పక్క కంప్యూటర్ దగ్గరున్న రజిత నావైపు తిరిగింది.

"ఏమైంది మేడం? మీ పాత ఫైల్ల ఉన్నయన్నీ కొత్తదాంట్ల వేసిన, గంతే."

"అది సార్ రాసింది, రజితా."

నాలుగు దాటాక లాగినైతే కనబడేలా పెళ్లైన కొత్తలో మావారు నా పాత షెల్ ఫైల్లో రాశారు. కొత్త షెల్‌కి మారాక అది రావడం ఆగిపోయింది. నేనూ మరిచిపోయాను.

"అయ్యో! తీసేయాల్నా మేడం?"

"వద్దమ్మా, ఉండనీ."

ఆ కంప్యూటర్లు ఉన్నన్నాళ్లూ ఆ వాక్యం వచ్చింది. ఇప్పుడు నాలుగింటికి నన్నెవరూ టీకి పిలవరు.