రాధమ్మ కొప్పులో డిసెంబర్ పూలు

వనపర్తి బస్టాండు వెనక గల్లీలో రాధమ్మ ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. చలికి అందరి పెరళ్లూ మొహం వేలాడేసినా, ఆమె గోడ వెంట డిసెంబర్ పూలు ఊదాగా విరగబూస్తాయి. వాసన లేదు, సిగ్గూ లేదు. చలికాలమంతా ఆపమన్నా ఆగవు.

ఎదురింటి బాలమ్మ దేవుడికి ఆ పూలే. రోజూ పొద్దున్నే స్వెటరు మీద చెంగు కప్పుకుని వచ్చి, అడక్కుండానే బుట్ట నింపుకుపోతుంది.

మొన్న వానాకాలంలో రాధమ్మ భర్త కురుమయ్య పోయాడు. పదోరోజున ఆమె కొప్పులో పూలు తీసేసింది బాలమ్మే. మొగుడు లేని ఆడది చేయాల్సిన పని గనక ఆమెకే అప్పజెప్పారు. చెట్లు మొగ్గ తొడిగేసరికి రాధమ్మకు ప్రాణం ఆగలేదు. నెత్తిన పూలు లేని చలికాలం ఆమె ఎరగదు. మొగుడు పోయిన దుఃఖం ఒకటి, ఖాళీ కొప్పు దుఃఖం ఒకటి. రెండోదానికి ఏడిస్తే జనం నవ్వుతారని, రెండూ కలిపి మొదటిదాని పేరు మీదే ఏడ్చేది.

ఒక పొద్దున ఇక పట్టలేక మూరెడు దండ కట్టి కొప్పులో తురుముకుంది. బుట్టతో వచ్చిన బాలమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఏందే రాధమ్మా గిది? కురుమయ్య పోయి ఏడాదన్న గాలే!"

"బతికున్ననాడు ఆయన మూరెడు పూలు తెచ్చిండా అక్కా? తెచ్చినోడైతే ఎంబడి తీస్కపోయిండనుకుందును."

"నలుగురు ఏమంటరే?"

"నీ దేవునికి నా చెట్టు పూలు పనికొస్తయి. నా నెత్తికి పనికిరావా?"

బాలమ్మ విసవిసా వెళ్లిపోయింది. ఇక ఆ గోడ వైపు చూడనని గల్లీ అంతా విన్నట్టు ఒట్టేసుకుంది. పాపం, దేవుడే ఇరుక్కున్నాడు. కొన్నాళ్లు తులసాకులతో సర్దుకున్నాడు. శుక్రవారం ప్లాస్టిక్ దండలో ఆయన్ని చూసి బాలమ్మకే జాలేసింది.

మర్నాడు బుట్ట పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. మొదటిసారి అడిగింది.

"జర రెండు పూలు తెంపుకుంటనే."

రాధమ్మ చేతిలో ఉన్న దండ ఆమెకిచ్చి, వెనక్కి తిరిగి గడప మీద కూర్చుంది.

"తెంపుకో. ముందుగాల గిది పెట్టు. తీసింది నువ్వే గద."

బాలమ్మ గల్లీ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కొప్పులో పూలు పెట్టడం మరిచిపోయిన చేతులు దండను వదులుగా తురిమాయి.

"గట్టిగ పెట్టక్కా," అంది రాధమ్మ కళ్లు తుడుచుకుంటూ. "బజారుకు పోవాలె."