కుంకుడు నీళ్ళలో బంగారు డబ్బీ

మా ఆయన పోయేనాటికి నాకింకా ఇరవై నిండలేదు. మెడలోవి, చేతులవి ఆడబిడ్డలు తీసేశారు. ఒక్క నశ్యం డబ్బీ మిగిలింది. అది నగ కాదు కదా, దాని జోలికి ఎవరూ రాలేదు.

విరుదునగర్ పత్తి మండీకి వెళ్ళినప్పుడు, ఏదో పాత జమీను సామాన్లు అమ్ముతుంటే ఆయన కొనుక్కొచ్చారు. అచ్చ బంగారం. అడుగున గోరుతో నొక్కితే ఇంకో మూత లేచేది, లోపల రేగుపండంత గడియారం.

"పెద్దల ముందర టైము చూస్తే మరియాద కాదని ఇట్ల దాచినారంట," అని నవ్వేవారు. డబ్బీ ఒకరు, గడియారం ఒకరు చేశారట. ఇద్దరి పేర్లూ లోపల సన్నగా చెక్కి ఉండేవి, నాకు చదవను రాదు. ఏ దేశపు కంసాలి ఆచార్లో గానీ, దాచడంలో మాత్రం ఘనులు. ఇంట్లో మా ఇద్దరికి తప్ప ఆ సంగతి తెలియదు.

ఆయన పోయాక కోవిల్‌పట్టి పక్కన ఆ పల్లెలో నన్ను పలకరించే దిక్కు లేదు. అత్త చెడ్డది కాదు, కొడుకు పోయాక ఆమె నోట మాటే కరువైంది. రోజూ పొద్దున గడియారానికి కీ ఇచ్చి, నా గదికీ అత్త గదికీ మధ్య గోడ గూట్లో పెట్టేదాన్ని. ఇంకో ప్రాణి తోడున్నట్టుండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, దానితో మాట్లాడేదాన్ని కూడా.

ఆడి నెల, అదే ఆషాఢంలో, శుక్రవారం ఇంటి బంగారమంతా కుంకుడు నీళ్ళలో నానబెట్టి, కడిగి, దేవుడి ముందు పెట్టడం మా వాడుక. నేను బావికి పోయి వచ్చేసరికి, అత్త గాజుల పక్కన నా డబ్బీ గిన్నెలో మునిగి ఉంది.

"వాడిది మాత్రం మాసి ఉండాల్నా? చూడు, ఎట్ల మెరస్తాందో," అంది అత్త.

నాదంటూ ఒక వస్తువును ఇంటి వస్తువుల్లో కలపడం అదే మొదలు. డబ్బీని తీసి కొంగుతో తుడిచి చెవికి ఆనించుకున్నాను, గడియారం ఆగిపోయింది.

మా అన్న చూడవస్తే అతనికొక్కడికే సంగతి చెప్పాను, దాన్ని విరుదునగర్ తీసుకెళ్ళాడు. లోపలంతా తుప్పు, చేసినవాడే దిగి రావాలి అన్నాడట గడియారాలవాడు. డబ్బీని మళ్ళీ గూట్లోనే పెట్టాను.

కొన్నాళ్ళకు ఇద్దరం వసారాలో పత్తి గింజ తీస్తున్నాం. అత్త పని ఆపింది.

"ఏమ్మా, గదిలో తాటిదూలంలో ఒక పురుగు ఉండె కదా, టిక్కు టిక్కని. సచ్చిపోయిందేమో. సత్తమే లేదు, చప్పుడే ఇనపడదు."

"పోతే పోనీ అత్తా."

"అట్ల అనొద్దు. వాడు పోయినాక దాన్ని వినుకుంటానే పండుకుంటాంటిని. ఇప్పుడు నిద్రే రాదు."

ఇన్నాళ్ళూ గోడకు అటు ఆమె, ఇటు నేను, ఒకే చప్పుడు వింటూ పడుకున్నామన్నమాట. నాకు ఏడుపు ఆగలేదు. అది పురుగు కాదని మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రం నా చాప తీసుకెళ్ళి ఆమె గదిలో పరిచాను. అత్త కొంచెం జరిగి చోటిచ్చింది.